కెజియాకు పోసిన నీళ్ళు

2023 ఎండాకాలంలో దోహాలో నా డ్యూటీ మొదలైంది. ఒక పడమటి దేశపు ఎంబసీకి మత స్వేచ్ఛ వ్యవహారాల సలహాదారుగా వచ్చిన పెద్దాయన ఇంట్లో నేను కిచెన్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే వంటమనిషే గానీ ఉత్త వంటమనిషి కాదు. ఆయన యూదుడు, నేనూ యూదు ధర్మం పాటించేదాన్నే. మా ధర్మంలో పొయ్యి మా వాళ్ళ చేత్తోనే వెలగాలి. మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి రక్తం పోయేదాకా కడగాలి. ఆకుకూరలో ప్రతి ఆకునూ వెలుతురుకు పట్టి పురుగు లేదని చూసుకోవాలి. పాలు కాచిన గిన్నె, మాంసం వండిన గిన్నె ఒక తొట్టిలో తోమకూడదు. ఇవన్నీ కనిపెట్టుకుని ఉండే మనిషిని బయట దేశాల్లో జీతమిచ్చి పెట్టుకుంటారు. ఆ పని నాది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. మధ్యమధ్య ఈ పిల్ల నా మాటను సాపు చేస్తోంది, చెయ్యనిస్తున్నాను.

గుంటూరు జిల్లాలో సముద్రం వైపు మా పేట. అక్కడ కొన్ని కుటుంబాల వాళ్ళం యూదు ధర్మంలో ఉన్నాం. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని శనివారపోళ్ళు అంటారు. శనివారం పనికి పోము కాబట్టి అదేదో శనివారం చర్చి అనుకుంటారు. మా ఆయన ఇటుక బట్టీలో గోడ కూలి చచ్చిపోయాడు. ఆ తర్వాత నేను బొంబాయి వెళ్ళి మా మతం వాళ్ళ వృద్ధాశ్రమంలో వంటలో చేరాను. అక్కడ ఇంకో పని కూడా నేర్పారు, శవాలను కడిగే పని. మాలో ఆడమనిషి పోతే ఆడవాళ్ళే కడగాలి, మగవాళ్ళకు మగవాళ్ళు. దాన్ని జీతానికి చెయ్యరు. చనిపోయిన మనిషి తిరిగి థాంక్స్ చెప్పలేదు గనుక అన్ని సేవల్లోకీ అదే పెద్దదని మా పెద్దావిడ చెప్పేది. ఆవిడ పోయాక అక్కడ ఆడవాళ్ళ వైపు ఆ పనికి నేనే పెద్దగా ఉన్నాను.

మా సారు గురించి చెప్పాలి. ఆయన వాళ్ళ ఊళ్ళో చాలా ఏళ్ళు యూదుల సంఘానికి నాయకుడు. బడి, ప్రార్థన మందిరం, శ్మశానం గోడ, అన్నింటికీ ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. అది చూసి ప్రభుత్వం పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చింది. ఎంబసీలో పై మాట రాయబారిది. సలహాదారు ఆయన కింద. సారు వేరే మతాల వాళ్ళను కలుస్తాడు, ఎవరికి ప్రార్థనకు చోటు ఉంది, ఎవరికి లేదు, మనిషి పోతే ఎక్కడ పూడుస్తున్నారు అని కనుక్కుంటాడు, ఏడాదికొకసారి రిపోర్టు పంపుతాడు. ఏదైనా కావాలంటే ఆయన నేరుగా అడగకూడదు. దౌత్య నోట్ అని ఒకటి ఉంటుంది, ఎంబసీ ముద్రతో ఖతర్ ప్రభుత్వానికి వెళ్ళే కాగితం. దాని మీద మనిషి పేరు, దేశం, మతం, ఏం కావాలి, అన్నీ ఉండాలి. పేరు లేకుండా అడిగిన మాట అడిగినట్టే కాదు.

శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో ప్రార్థన జరిగేది. వ్యాపారం మీద వచ్చినవాళ్ళు, కంపెనీల్లో ఇంజినీర్లు, గుప్పెడు మంది. వాళ్ళ మధ్యకు వంటింటి తలుపు నుంచి వచ్చేది కెజియా.

కెజియా మా పేట పిల్లే. దోహాలోనే ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ముసలమ్మను చూసుకునే పని. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు, శుక్రవారం సెలవు ఇచ్చేవాళ్ళు. తను చర్చికి పోతోందని వాళ్ళనుకునేవాళ్ళు. తనూ అనుకోనిచ్చేది. వచ్చీ రాగానే నా గిన్నెల మూతలు తీసి చూసేది.

"ఏందక్కా, మళ్ళీ ఈ చప్పిడి కోడేనా? మీ సారుకి ఒకసారి మన గోంగూర పెట్టు, మతం మార్చుకుంటాడు."

"నోరుముయ్యవే, వినపడుతుంది."

"వినపడనీ. ఆయన పాడుతుంటే కుక్కర్ ఈల వేసినట్టుంది, నేనేమన్నా అన్నానా?"

అలా నవ్వే పిల్ల నేను బొంబాయి సంగతులు చెప్పినప్పుడు మాత్రం నోరు మెదపకుండా వినేది. ఒకసారి గిన్నెలు తుడుస్తూ అంది, "నేను ఇక్కడే పోతే నువ్వే కడగాలక్కా. వేరేవాళ్ళ చేతికి ఇవ్వమాక."

"నీకంటే నేనే ముందు పోతానే పిచ్చిదానా."

"అది నాకు తెల్వదు. మాటియ్యి."

ఇచ్చాను. ఇంకో మాట కూడా తనే తీసుకుంది. తను మా వాళ్ళ మనిషని బయట ఎవరికీ చెప్పకూడదని.

అక్టోబరులో గాజా యుద్ధం మొదలైంది. టీవీల్లో అంతా అదే. ఆ నెలలోనే సారు భార్యను, ప్రార్థనకు వచ్చే మిగతా ఆడవాళ్ళను వాళ్ళ దేశాలకు పంపేశారు. శుక్రవారం ప్రార్థన ఆపేశారు. నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, ఖతర్‌లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నజ్మా బజారులో నేను కూరగాయలు కొనే చోట కూడా ఎప్పటిలాగే "రా అక్కా" అన్నారు. కానీ భయం ఎవరో వచ్చి పెట్టాల్సిన పని లేదు, అదే వస్తుంది. నేను మెడలోని మా మతం గుర్తు, చిన్న నక్షత్రం బిళ్ళ, తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

ఆ చలికాలంలో కెజియా చచ్చిపోయింది. ముసలమ్మకు స్నానం చేయిస్తూ తనే కూలబడిందట. గుండె. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. వాళ్ళ అన్న దానియేలు ఉత్తరాన అల్ రువైస్‌లో చేపల పడవ మీద పని. అతను ఫోన్ చేసి "రూతక్కా, కెజియా పోయింది" అన్నాడు.

మనదేశం మనిషి అక్కడ పోతే పద్ధతి ఇలా ఉంటుంది. ఆసుపత్రి చావు కాగితం ఇవ్వాలి, పోలీసు చూడాలి, పనిలో పెట్టుకున్నవాళ్ళు సంతకం పెట్టాలి, మన ఎంబసీ పాస్‌పోర్టు రద్దు చేసి అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి. అప్పుడు శవాల గదిలో కుళ్ళకుండా మందు ఎక్కించి, పెట్టెలో పెట్టి సీలు వేసి, విమానం కార్గోకు పంపుతారు. ఒకసారి సీలు పడిందంటే ఊళ్ళో కూడా తెరవరు. కాబట్టి కడగాలంటే మందు ఎక్కించడానికీ సీలు వెయ్యడానికీ మధ్యనే కడగాలి. మాలో శవానికి మందు ఎక్కించడం ఇష్టపడరు, రక్తం మనిషితోనే మట్టిలో కలవాలంటారు. దానికి ఏం చెయ్యలేం, అది విమానం రూలు. అక్కడే పూడుద్దామంటే ఖతర్‌లో మాకంటూ నేల లేదు. సారు అడుగుతూ వచ్చింది ఆ నేల కోసమే.

కాగితాల పని అంతా విక్టర్ గారు చేశారు. గోదావరి జిల్లా మనిషి, ఒక కంపెనీలో అకౌంట్స్ ఆఫీసర్. తెలుగు క్రైస్తవుల ప్రార్థన బృందం ఒకటి నడుపుతూ, ఇలా పోయినవాళ్ళను ఇంటికి చేర్చడం నెత్తిన వేసుకున్నాడు. కులం మతం అడగడు. కెజియా అన్న పేరు చూసి తమ మనిషే అనుకున్నాడు, అంతే.

"మీరేం బెంగెట్టుకోకండమ్మా," అన్నాడు ఫోన్లో. "మన పిల్లండి. మా ఆడోళ్ళు తెల్ల గౌను కుట్టించేత్తారు, చేతులకి గ్లౌజులు, తలకి ముసుగు, అన్నీ మేం చూసుకుంటాం."

నేను "సరేనండీ" అన్నాను. సరే కాదని ఎలా చెప్పను?

సారుకు చెప్పాను. ఆయన ఎప్పుడూ రానివాడు వంటింట్లోకి వచ్చి కూరలు తరిగే బల్ల దగ్గర కూర్చున్నాడు. నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. కెజియా ఇండియా మనిషి కాబట్టి తమ ఎంబసీ నేరుగా అడగలేదట. కెజియా తోడబుట్టినవాడు ఒప్పుకుని ఇండియన్ ఎంబసీని అడిగితే, అప్పుడు తమ రాయబారి పక్కన నిలబడి నోట్ పంపగలడట. ఫలానా మనిషి యూదురాలు, ఆమెను ఆమె ధర్మం ప్రకారం కడగడానికి అనుమతి కావాలి అని. ఈ దేశంలో అలాంటిది పేరుతో ఒక్కసారి నడిస్తే తర్వాత వచ్చేవాళ్ళందరికీ దారి పడుతుందన్నాడు. శ్మశానం నేల అడగడానికి కూడా అదే ఆధారమట. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన కళ్ళలో దుఃఖంతో పాటు పని కూడా కనిపించింది నాకు. ఎన్నో ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషికి చావు వార్త వినగానే కూడా కాగితమే గుర్తొస్తుంది. తప్పు పట్టడం లేదు, అది ఆ ఉద్యోగం.

దానియేలును అడగమన్నాడు. అడిగాను. అతను సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు ఆసుపత్రి బయట, చేపల వాసన ఇంకా పోని చొక్కాతో.

"ఆ మాట ఎత్తమాక రూతక్కా. నీకు దండం పెడతా."

"ఎవరూ ఏమీ అనరు దానియేలూ. సారు చూసుకుంటాడు."

"సారు విమానం ఎక్కి పోతాడు. నేను పడవ మీదికి పోవాలి. రూములో నాతో ఉండేవాళ్ళు రోజూ ఆ టీవీ చూసి ఏడుస్తున్నారక్కా. వాళ్ళ ముందు నేను ఏమని నిలబడను? నా చెల్లెలు పేరు కాగితం మీద ఎక్కితే నా పేరు ఎక్కినట్టే."

"మరి తనకు నేనిచ్చిన మాట?"

"కడగాలనే అడిగింది గదా. కాగితం రాయమని అడగలేదు గదా," అన్నాడు.

నోట్‌కు అతను ఒప్పుకోలేదని సారుకు చెప్పేశాను, కానీ ఆ చివరి మాట నాకు పట్టుకుంది. కాగితం లేకుండా కడగొచ్చా? ఎవరో ఒకరు తలుపు తియ్యాలి, అంతేగా.

నజ్మాకు వెళ్ళి తెల్ల నూలు గుడ్డ కొన్నాను. మా శవవస్త్రానికి జేబు ఉండకూడదు, ముడి ఉండకూడదు, దారం చివర కూడా ముడి వెయ్యం. కొట్టాయన హైదరాబాద్ ముసల్మాన్. గుడ్డ కొలత వినగానే శవానికని తెలుసుకున్నాడు.

"ఎవలు పోయిన్రమ్మా?"

"చెల్లెలు."

"అల్లా మీకు సబర్ ఇయ్యాలె, తట్టుకునే ఓపిక ఇయ్యాలె," అని గుడ్డను మడిచి, మాసిపోకుండా కొత్త సంచిలో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. నన్ను తన మతం మనిషే అనుకున్నాడు. దిద్దలేదు. ఆ వారం అందరూ మమ్మల్ని ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నారు, అనుకున్న ప్రతివాళ్ళూ మంచే చేశారు. మేం ఎవరమో అది మాత్రం ఎవరూ అనుకోలేదు.

వస్త్రం చేత్తో కుట్టాను. ఉదయాన్నే విక్టర్ గారితో శవాల గది దగ్గరకు వెళ్ళాను. మా పిల్లకు మేమే బట్ట కడతాం, మా ఇంటి ఆచారం అన్నాను. ఆయన బృందం ఆడవాళ్ళు గౌను పట్టుకుని నిలబడి ఉన్నారు. చిన్నబుచ్చుకున్నారు గానీ పక్కకు జరిగారు.

లోపల ఆడవాళ్ళ వైపు అటెండర్ పేరు ఖైరున్నిసా. జగిత్యాల మనిషి, నా వయసే ఉంటుంది. గొంతు గట్టిది. తలుపు సగం తీసి నన్ను పై నుంచి కింద దాకా చూసింది.

"ఏమైతవ్ ఆమెకు?"

"అక్కని."

"కడుగుడు అస్తదా నీకు?"

"వచ్చు. బొంబాయిలో చాలామందిని కడిగాను."

"అయితే రా. చేతులకు ఇవి తొడుగు. ఏడిస్తె మాత్రం బయటికి పంపుత, ముందే చెప్తున్న."

"ఏడవను."

ఏడవలేదు. కెజియా మొహం మందుకు కొంచెం ఉబ్బింది. పై పెదవి మీద ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. ఒళ్ళంతా దుప్పటి కప్పే ఉంచి, కడిగే భాగం వరకే తీస్తూ పోయాను. మొదట తల, తర్వాత కుడి పక్క, తర్వాత ఎడమ పక్క. గోళ్ళ కింద మట్టి పుల్లతో తీశాను. శవం మీదుగా ఏ వస్తువూ అందించకూడదు, కాబట్టి ఖైరున్నిసా సబ్బు ఇవ్వబోతే నేనే చుట్టూ తిరిగి వెళ్ళి తీసుకున్నాను. ఆవిడ రెండుసార్లు చూసి, మూడోసారి తనే చుట్టూ తిరిగి వచ్చి ఇచ్చింది. పని తెలిసిన మనిషి. మావాళ్ళూ కుడి వైపే ముందు, వాళ్ళూ కుడి వైపే ముందు. కాసేపు ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళలా చేశాం.

అప్పుడు ఆవిడ చివరి నీళ్ళలో కర్పూరం చిదిమి వెయ్యబోయింది. నేను బకెట్ అంచు పట్టుకున్నాను.

"వద్దు. అది వెయ్యొద్దు."

"ఎందుకు? మంచి వాసన ఉంటది. పాపం, దూరం పోవాలె."

"మాలో ఉత్త నీళ్ళే."

ఆవిడ చెయ్యి ఆగింది. కర్పూరం వేళ్ళ మధ్యే ఉంది.

"చర్చోళ్ళు ఇట్ల కడగరు," అంది నెమ్మదిగా. "మావోళ్ళు కర్పూరం వద్దనరు. మీరు ఎవలు?"

విక్టర్ గారు తలుపు బయటే ఉన్నాడు. దానియేలు ఆయన పక్కన. నేను ఒక్క మాట చెబితే ఆ మాట ఎక్కడ దాకా పోతుందో నాకు తెలియదు. శనివారపోళ్ళం అనొచ్చు, జీవితమంతా అదే మాట కప్పుకున్నాం. కానీ కడిగే గదిలో శవం ముందు అనవసరమైన మాటే ఆడకూడదని మాకు నేర్పారు, అబద్ధం సంగతి చెప్పక్కర్లేదు. బకెట్ అంచు వదల్లేదు.

ఖైరున్నిసా నా మొహం వైపు చూసింది. ఆవిడకు ఎంత తెలిసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. కర్పూరం మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"సరే, చెప్పకు. నీళ్ళు సల్లారుతున్నయ్. ఇంగేం జెయ్యాలె?"

ఇక్కడే అసలు కష్టం. కడగడం అయ్యాక తల నుంచి కాళ్ళ దాకా ఒకే ధారగా నీళ్ళు పొయ్యాలి. ఆ ధారతోనే మనిషి శుద్ధమవుతుంది. ధార తెగకూడదు. ఒక బకెట్ అయిపోకముందే రెండోది అందుకోవాలి. ఒక్క మనిషి వల్ల కాదు. రెండో మనిషి కూడా మా వాళ్ళే కావాలి. ఖతర్‌లో అప్పటికి మిగిలిన మా ఆడమనుషులం ఇద్దరమే. ఒకతె ఆ బల్ల మీద ఉంది.

బొంబాయిలో మా పెద్దావిడ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. తెలిసే చెప్పాను ఖైరున్నిసాకు, "నాది అయిపోకముందే నీది మొదలుపెట్టాలి. మధ్యలో ఖాళీ రాకూడదు."

"రాదు," అంది.

రాలేదు. నా బకెట్‌లో అడుగున ఇంకా నీళ్ళుండగానే ఆవిడ పక్క నుంచి అందుకుంది. ధార ఎక్కడా తెగలేదు. ఆ సమయంలో 'ఈమె శుద్ధురాలు' అని మా ప్రార్థన భాష హీబ్రూలో గట్టిగా అనాలి. అది గట్టిగా అనలేకపోయాను. పెదవులు కదిపాను, శబ్దం రానివ్వలేదు. ఆ పనిలో నేను తక్కువ చేసింది అదొక్కటే, అదే పెద్దది.

వస్త్రం తొడిగాక, మా పద్ధతి ప్రకారం ఆమె పేరు, ఆమె తండ్రి పేరు చెప్పి, తెలియక ఏదైనా అగౌరవం చేసి ఉంటే క్షమించమని చెవి దగ్గర తెలుగులోనే అడిగాను. ఖైరున్నిసా తల తిప్పుకుని నిలబడింది. నేను బయటికి వస్తుంటే అంది, "నేనేం అడగలే. నువ్వేం చెప్పలే. పో."

సీలు వేశాక పెట్టె మీద విక్టర్ గారు తమ పద్ధతి ప్రకారం ఇత్తడి శిలువ బిగించాడు. ప్రతి పెట్టెకూ అదే చేస్తాడు, తన సొంత ఖర్చుతో, ప్రేమతో. దానియేలు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

దానియేలు పెట్టెతో పాటు వెళ్ళాడు. ఊళ్ళో పెట్టెను శిలువతో అలాగే దించారు, మా వాళ్ళ సమాధుల దొడ్లోనే. వాళ్ళమ్మ శిలువ చూసి ఇదేందిరా అని అడిగితే, "విమానం వాళ్ళ గుర్తమ్మా" అన్నాడట దానియేలు. ఆమె నమ్మిందో లేదో ఎవరూ అడగలేదు. శిలువ ఊడదియ్యడానికి స్క్రూలు తిప్పే మనిషి దొరకలేదు, పొద్దు వాలుతోంది, మట్టి వేసేశారు.

మరుసటి ఏడు సారు రిపోర్టు అయ్యాక మా మతం గురించి ఉన్న రెండు వాక్యాలు నాకు చదివి అర్థం చెప్పాడు. ఇక్కడ ఉండే యూదులు బహు కొద్దిమంది అని ఒకటి. అంత్యక్రియల విషయంలో ఈ ఏడాది ఎలాంటి ఫిర్యాదూ అందలేదు అని రెండోది. తను రాసింది తప్పా అని నన్ను అడిగాడు. తప్పు కాదన్నాను. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా. ఆ ధారకు ఇద్దరు కావాలని ఆయనకూ తెలుసు, రెండో బకెట్ ఎవరు పట్టారు అని అడగబోయి మానేశాడు. నేల ఇంకా రాలేదు. దానియేలు పడవ మీదే ఉన్నాడు. రాయకుండా ఆగిన నోట్ వల్ల ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకూ తెలుసు, సారుకూ తెలుసు.

ఇప్పుడు పని మానేసి మా పేటలోనే ఉన్నాను. ఆ ఉద్యోగం వల్ల నాకు తెలిసింది రెండు సంగతులు. ఫిర్యాదు లేదు అని రాసిన చోట ఇబ్బంది లేదని అనుకోకూడదు, అడగగలిగినవాళ్ళ మాటే కాగితం మీదికి ఎక్కుతుంది. రెండోది, పని తెలిసిన మనిషి ఒక్కతె ఉంటే సరిపోదు. మా పేట నుంచి ఏ దేశానికి పనికి పోతున్నా ఆడవాళ్ళకు నీళ్ళు పొయ్యడం నేర్పుతున్నాను. ఒక్కొక్కరుగా వస్తే నేర్పను, ఇంకొకతెను వెంటబెట్టుకుని రమ్మంటాను.